ముక్క తిప్పిన మొనగాడు

సకల గృహస్థ జన నిద్రాసుఖ ప్రదాయకంబును, సమస్త కార్యాలయ కవాట బంధన కారణంబును, అలారం గడియారముల గొంతు నొక్కునదియు నగు ఆదివారమున, సహస్రకిరణుడు ఎదురింటి నీళ్ల ట్యాంకు మీదికి ఎగబ్రాకి, మూడవ అంతస్తు బాల్కనీలో తీగపై వ్రేలాడు తువ్వాళ్లను తన కరములతో తడిమి చూచి, ఇంకను ఆరలేదని నిర్ధారించుకొనుచున్న శుభవేళ, ఆ అంతస్తునందలి ఎడమచేతి వైపు ఫ్లాటులో, గ్యాసు స్టవ్వునకును మూత సరిగా పడని చెత్తబుట్టకును నడుమ, ఒక మహావీరుడు నడుమునకు ఏప్రను బిగించుచు నిలిచి యుండెను. ముడి ముందు వేయవలెనో వెనుక వేయవలెనో తెలియక కాసేపు అక్కడక్కడే తిరిగెను.

ఎవరీ వీరుడందురా? చెప్పెదను, కాస్త కుదురుగా కూర్చుండుడు. చల్లారిన ఓవెన్లకు ప్రాణదాత, కాలిన ఎలిమెంట్లకు పునర్జన్మ ప్రదాత, థర్మోస్టాట్ హృదయాంతరంగ మర్మజ్ఞుడు, ఛిన్నతంత్రీ సంధాన ధురంధరుడు, స్క్రూడ్రైవర్ పాణి, చెవిసందున టెస్టరును ధరించు ఓవెన్ మెకానిక్కు ఈతడు. ఆ పేటలో ఈయన వెనుకమూత విప్పని ఓవెను లేదు. వానిలో ఒక్కదానియందైనను ఈయన ఒక్క ముక్క కాల్చి యెరుగడు.

ఆయన యింటనే ఒక ఓవెను కలదు. ఎవరో ఖాతాదారు "ఇక వద్దులే బాబూ, తీసుకుపో" అని వదలివేయగా, భుజాన మోసికొని వచ్చి, విప్పి, కడిగి, బిగించి, వంటింటి గట్టుపై ప్రతిష్ఠించెను. ప్రతిష్ఠించిన మర్నాటినుండియే ఇల్లాలు అందులో మూకుళ్లును, డబ్బాలేని మూతలును, మూతలేని డబ్బాలును, సంచులు కుక్కిన సంచియు దాచుకొనసాగెను. అగ్నిదేవుడు ఆ గుహలో ఒక్కనాడును అడుగు మోపి యుండలేదు.

అట్టివానికి వంటతో వైర మెట్లు కలిగె ననిన, అంతయు నోటిదూల. ముందునాడు భోజనవేళ, ఎడమచేత ఫోనును కుడిచేత ముద్దయు పట్టుకొని, తల యెత్తకుండ, ఆయన ఒక మాట విసరెను.

"కూరలో ఉప్పు తక్కువైందే."

ఇల్లాలు కంటి ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. దినమెల్ల "కూర్చోండి, పిలుస్తాం" అను మహామంత్రమును జపించి జపించి, గొంతు బొంగురుపోయి, ఇంటికి వచ్చి, నిలిచిన కాళ్లమీదనే వండి, వడ్డించి, తాను ఇంకను ముద్ద ముట్టని మానిని. చేతనున్న గరిటెను మెల్లగా గిన్నెపై పెట్టెను. ఓ శ్రోతలారా, గరిటె విసరికొట్టిన ఇల్లాలికి భయపడనక్కరలేదు. మెల్లగా పెట్టిన ఇల్లాలికి భయపడవలెను.

"నిన్న ఉప్పెక్కువన్నారు. మొన్న ముక్క ఉడకలేదన్నారు. అటుమొన్న మరీ మెత్తబడిందన్నారు. వంకాయలో కూడా ఇన్ని వంకలుండవండీ!"

"ఉన్నమాటే అన్నాను కదే..."

"మంచిది. రేపు మా అమ్మ భోజనానికొస్తోంది. వంట మీరు చెయ్యండి. నేను వంటింటి గడప తొక్కను. మా అమ్మ మారు అడిగిందా, ఇక మీరు జన్మంతా ఎన్ని వంకలు పెట్టినా నేను కిక్కురుమనను. అడగలేదా, కంచంలో ఏం పడితే అది తిని, చెయ్యి కడుక్కుని లేచిపోవాలి. ఉప్పని గానీ కారమని గానీ మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు."

మారు! రెండక్షరముల మాట. తిన్నది చాలక, సిగ్గు విడిచి, కంచము ముందుకు జరిపి, ఇంకొకసారి వేయుమని అడుగుట. వండినవారికి అంతకు మించిన బిరుదు లేదు. అయితే ఇందలి కిటుకు వినుడు. ఆ అత్తగారు ఉద్యోగ విరమణ చేసిన లెక్కల టీచరు. ఏ యింట భోజనమునకు కూర్చున్నను, గరిటె ఆమె వైపునకు రెండవమారు వంగక మునుపే కంచముపై అరచేయి అడ్డుపెట్టు ఘనురాలు. కన్నకూతురి చేతి వంటకైనను ఆ చేయి తొలగినది లేదు. ఆ కూతురు గరిటె పట్టుకొని తల్లి ప్రక్కన ఎన్నిమారులు ఆశగా నిలిచెనో, ఎన్నిమారులు ఆ గరిటెను మరల గిన్నెలో వేసికొనెనో, ఆమెకు తెలియును. ఆమె మనసు ఎంత చివుక్కుమన్నదో కూడ ఆమెకే తెలియును. కనుకనే ఈ పందెము తనదేనని ఆమెకు దృఢ విశ్వాసము.

అది విని మన వీరుడు, భూనభోంతరాళములు దద్దరిల్లునట్లు, "ఓసీ కోమలీ! వంక పెట్టుట మా వంశమున తరతరాలుగా వచ్చుచున్న విద్య! మా తాత పాలలో నీళ్లెక్కువ యనెను. మా తండ్రి నీళ్లలో చల్లదనము తక్కువ యనెను. ఆ పరంపర నా యొద్ద తెగిపోవుటకు నేనేమి గాజులు తొడుగుకొంటినా? రానిమ్ము మీ యమ్మను! మారు కాదు, మారుకు మారు అడిగింపకున్న నా స్క్రూడ్రైవరును గంగలో కలిపెద!" అని గర్జించెను. అనగా, లోలోపల గర్జించెను. పైకి మాత్రము "సరే, చూద్దాంలే" అనెను.

కూరగాయలు గ్రిల్ చేయుదునని ఆయన నిశ్చయించుకొనుటకు కారణము సులభము. కూర యన్న ప్రక్కనే నిలిచి కలుపుచుండవలెను. గ్రిల్ యన్న స్విచ్చు. చేయునది ఓవెను, చూచునది తాను. అందునా ఓవెను తన చేతి చలువ.

ప్రథమ సంగ్రామము ఓవెను తలుపు యొద్దనే జరిగెను. వీరుడు పిడి పట్టి లాగగానే, చిరకాల నిర్బంధ పీడిత మూకుడు మూత డబ్బా బృందము, ఇదే అదనని, ఝణంఝణ ధ్వానములతో, ఒకదాని నొకటి త్రోసికొనుచు, ఆయన పాదపద్మములపైకి దుమికెను. ఆయన ఒంటికాలిపై గెంతెను. సంచులు కుక్కిన సంచి పగిలి వంటిల్లంతయు సంచులమయ మయ్యెను.

"ఏంటా చప్పుడు?" అని బాల్కనీనుండి ఇల్లాలి కంఠము వినవచ్చెను. ఆమె అక్కడ కుర్చీ వేసికొని, కాళ్లు గోడకు ఆనించి, వారపత్రిక చదువుకొనుచుండెను. ఆమె ఆదివారము నాడు ఇట్లు కూర్చుండుట గోడమీది బల్లికి సైతము క్రొత్త.

"ఏం లేదు! సర్దుతున్నాను!"

ద్వితీయ సంగ్రామము కత్తిపీట యొద్ద. కాలీఫ్లవరు కోటగోడవలె నిలిచెను. క్యారెట్లు జారి బల్లక్రిందికి పలాయనము చిత్తగించెను. బంగాళదుంప దొర్లెను. వంకాయ తన ముచ్చికకు ముల్లున్నదని గుర్తుచేసెను. ఉల్లిపాయ మాత్రము, పొర పొరకు ప్రతీకారము తీర్చుకొని, రణరంగమున ఎన్నడును కంట తడి పెట్టని ధీరునిచే ముక్కు చీదించెను. ఇక క్యాప్సికము. ఎర్రదానిని అడ్డముగా కోసి లోనికి చూచి ఆయన దిగ్భ్రాంతుడయ్యెను.

"లోపలేం లేదే! పార్టులన్నీ ఎవడో పీకేశాడు!"

ఎట్టకేలకు ముక్కలన్నియు ట్రేలో పడినవి, నూనె పడినది, మిరియాల పొడి పడినది. అప్పుడు ఎదురయ్యెను అసలు శత్రువు. డబ్బాకు ఆనించిన ఫోనులో ఒక వంటావిడ చిరునవ్వుతో "రుచికి తగినంత ఉప్పు వేసుకోండి" అనెను.

"తగినంత అంటే ఎంతమ్మా?" అని వీరుడు అడిగెను. ఆవిడ జవాబు చెప్పలేదు. ఆయన వెనుకకు జరిపి మరల వినెను. మరల తగినంతయే అనెను.

"హవ్వ! వోల్టేజీ తగినంత ఇవ్వండి అని ఏ కంపెనీ అయినా రాస్తుందా? రాస్తే ఇల్లు మిగుల్తుందా?"

ఏండ్ల తరబడి ఉప్పు ఎక్కువని తక్కువని తీర్పులు చెప్పిన న్యాయమూర్తి, చిటికెడు ఉప్పును వ్రేళ్ల నడుమ పట్టుకొని, ట్రేపై చేయి చాచి, వేయలేక, మానలేక, ఊపిరి బిగబట్టి నిలిచిపోయెను. ఎక్కువైన తీయలేము గదా యని తోచెను. ఆ చిటికెడులో సగము మాత్రము చల్లి, మిగిలినది దులుపుకొనెను.

అంతట ట్రేను గుహాంతరాళమున ప్రవేశపెట్టి, నాబును నడిమి గీతవరకు త్రిప్పి, పైనున్న ఎలిమెంటు ఉషఃకాల సూర్యునివలె ఎర్రబడుటను చూచి, "నా బంగారమే!" అని మురిసిపోవుచుండగా, బాల్కనీ నుండి ఇల్లాలు దయ దలచి పలికెను.

"ఏవండీ, పాపమని ఒక్క మాట చెప్తున్నా. సగమయ్యాక ఒకసారి తిప్పండి."

"తిప్పడం కూడా నువ్వు నాకు చెప్పాలా? పొద్దున లేస్తే నేను చేసే పనే అది!"

అయ్యలారా, అమ్మలారా, ఈ గాథ యందలి సర్వనాశనమునకు మూలము ఈ ఒక్క మాట. వండువారికి త్రిప్పుట యన్న ముక్కను త్రిప్పుట. బాగుచేయువారికి త్రిప్పుట యన్న మర త్రిప్పుట. సగమైనదని తోచిన క్షణమున, మన వీరుడు ఏప్రను సవరించుకొని, ముందుకు వంగి, బొటనవ్రేలు చూపుడువ్రేలు జతచేసి, నాబును పట్టుకొని, అది ఎంతవరకు తిరుగునో అంతవరకు త్రిప్పెను.

ఆహా, ఏమని చెప్పుదును! ఎలిమెంటు నిప్పులు క్రక్కెను. ఉల్లిరెక్కలు నలుపెక్కెను. కాలీఫ్లవరు శిరస్సుపై పొగ లేచెను. ఆ పొగ వంటిల్లు నిండి, నడవ నిండి, తలుపుసందున బయలుదేరి, మెట్లమీదుగా విహారమునకు వెడలెను. ప్రక్క ఫ్లాటు పెద్దాయన తలుపు తట్టెను.

"ఏమండీ, ఏమైనా తగలబడుతోందా?"

"లేదండీ! గ్రిల్లు!"

"అలాగా." ఆయన పొగను, వీరుని ఏప్రనును మార్చి మార్చి చూచెను. "మా ఓవెను మొన్న బాగుచేసింది మీరే కదూ?"

"నేనేనండీ."

"సరే సరే. ఇవాళ్టికి దాన్ని ముట్టుకోములెండి," అని ఆయన మెల్లగా వెడలిపోయెను.

ఇంతలో బాల్కనీ మరల గొంతెత్తెను.

"తిప్పారా?"

"తిప్పాను!"

"అన్నీ తిప్పారా?"

"ఉన్నదే ఒకటి కదే!"

"ఒకటేంటండీ, ట్రే నిండా పెట్టి?"

ఆమె వారపత్రికను ఒడిలో పెట్టుకొనెను.

"అసలు మీరు తిప్పిందేంటి?"

"...నాబు."

ఆమె నవ్వెను. మొదట ముక్కుతో నవ్వెను, పిదప నోటితో నవ్వెను, పిదప కుర్చీతో సహా నవ్వెను. వారపత్రిక క్రిందపడెను. కళ్లు తుడుచుకొనుచు, "ముక్కలండీ మహానుభావా! ముక్కల్ని తిప్పాలి! ఒకవైపే కాలుస్తారా ఎవరైనా?" అనెను.

అప్పుడు గదా మన ధీరునకు కనువిప్పు కలిగెను. పైన బొగ్గు, క్రింద పచ్చి. గడియారము చూచెను. అత్తగారు వచ్చు వేళ కావచ్చినది. ఆమె ఒక్క నిముషమైనను ఆలస్యము చేయని మనిషి. ఇక తన వంక పెట్టు విద్యకు నేటితో మంగళమేనని, కంచము ముందు మౌనవ్రతముతో ముసలివాడు కావలసినదేనని తలచుకొనెను. "ఆడలేక మద్దెల ఓడు" అనుటకును వీలులేదు. మద్దెల స్వయముగా తానే బాగుచేసినది.

అయినను వీరుడు వీరుడే. నాబును నడిమికి తెచ్చి, తలుపు తెరచి, ఆవేశమున ఉత్తచేతితోనే ట్రేను పట్టుకొని లాగెను.

"అబ్బా!"

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనండీ," అనుచు ఇల్లాలు లేచి వచ్చెను. గడప తొక్కనని మాట యిచ్చినది గనుక గడప ఇవతలనే నిలిచి, తడి తువ్వాలు ఆయన మీదికి విసరెను. "నీళ్లకింద పెట్టండి ముందు. మండుతోందా?"

"లేదు," అని ఆయన అబద్ధమాడెను.

పట్టకారు ఎక్కడున్నదో ఆయనకు తెలియదు. ఆమె చెప్పదు. అంతట ఆయన పనిముట్ల సంచినుండి, ఇంకను వాడని సన్నముక్కు ప్లయరు నొకదానిని తీసి, సబ్బుతో రుద్ది, వేడినీట ముంచి, యుద్ధమునకు వెడలెను. ముక్క వెంట ముక్క! క్యారెట్టును మెడ పట్టి త్రిప్పెను. బంగాళదుంపను నడుము పట్టి బోర్లించెను. వంకాయను నయముగా, కాలీఫ్లవరును భయముగా, క్యాప్సికమును అంచుపట్టి, ఉల్లిరెక్కను ఊడనీయక, తీగకు తీగ అతుకునప్పటి శ్రద్ధతో, నాలుక పండ్లనడుమ పెట్టుకొని, ఒక్కొక్కదానిని త్రిప్పెను. చెమట కనురెప్పల మీదుగా కారుచుండెను. ఒక మనిషి తిండికోసము ఇంత వంగవలెనని ఆయనకు ఇదివరకు ఎవరును చెప్పలేదు. ఎదుట ఎవరో వంగుచుండగా ఆయన చూడనును లేదు.

చివరి ముక్క తిరిగిన క్షణముననే గంట మ్రోగెను. అత్తగారు వచ్చెను. గొడుగు మూలనుంచి, చెప్పులు సమాంతరముగా విడిచి, గాలిని ఒకమారు పీల్చి, చేతులు కడుగుకొనెను.

మరల ఓవెనులోనికి పోయిన ట్రే, ముక్కల రెండవవైపు ఎర్రబడిన పిదప బల్లమీదికి వచ్చెను. ఆ నాడు వండినవాడు అల్లుడు గనుక, తల్లితోపాటు కూతురును కంచము ముందు కూర్చుండెను. వీరుడు గరిటె పట్టుకొని నిలిచెను. ఒకవైపు నల్లగా, ఒకవైపు ఎర్రగా, పొగవాసనతో నున్న ముక్కలను వడ్డించెను. అత్తగారు వానిని దిద్దవలసిన జవాబుపత్రమును చూచునట్లు చూచెను. వంకాయ తినెను. క్యారెట్టు తినెను. ఆయన అంగడిలో కొన్న రొట్టె కోసి పెట్టెను, నీళ్లు పోసెను, పోసిన నీళ్లే మరల పోసెను.

"ఉప్పు తక్కువైంది," అనెను అత్తగారు, తల యెత్తకుండ.

శ్రోతలారా, ఆ బాణము ఆయన అమ్ములపొది లోనిదే. పూటపూటకు ఇతరులపైకి వదలినదే. అది గుచ్చుకొన్న చోట ఎంత మండునో, కాలిన చేతికంటె ఎంత ఎక్కువ మండునో, ఆయనకు ఆ ముహూర్తమున తెలిసెను. ఉక్రోషము వచ్చెను. ఇంత కష్టపడి చేసితినే, ఆ ఒక్కటేనా కనబడినది యని అరువబోయి, ఇల్లాలి వైపు చూచి, నోరు మూసికొనెను.

కంచము ఖాళీ అయ్యెను. అలవాటు చొప్పున అరచేయి పైకి లేచెను. వీరుడు కళ్లు మూసికొనెను. తెరచి చూచునప్పటికి, ఔరా, ఆ చేయి కంచముపైకి రాలేదు! కంచమంచును పట్టి ముందుకు జరుపుచున్నది!

"ఇంకాస్త వెయ్యండి, అల్లుడుగారూ."

దిక్కులు పిక్కటిల్లెను! కుక్కరు విజిలు తనంత తాను మ్రోగెనా యనిపించెను! వీరుని ఛాతీ ఏప్రను ముడి తెగునంతగా పొంగెను! "కంటివా కోమలీ! వింటివా! ఉప్పు లేకున్నను ఉరికివచ్చిన మారును!" అని ప్రకటింపబోవుచు, విజయగర్వమున ఇల్లాలి వైపు తిరిగెను.

ఆమె ముఖము చిన్నబోయి యుండెను. పందెము పోయినందుకు కాదు. ఆమె తన కంచములోని ముక్కను అటు ఇటు జరుపుచు, చిన్నపిల్ల అడిగినట్లు అడిగెను.

"అమ్మా, ఇన్నేళ్లు నేను వండిపెడితే ఒక్కసారైనా మారడగలేదేం? అంత బాగోదా నా వంట?"

"ఓసి పిచ్చిదానా!" అత్తగారు గ్లాసు క్రింద పెట్టెను. "నువ్వు వండితే ఆఖర్న తినేది నువ్వే కదే. నేను మారడిగితే తగ్గేది నీ కంచంలో. నీకు గిన్నె అడుగు మిగల్చడానికి నాకు నోరెలా వస్తుంది? ఎవరింటికెళ్లినా అంతే, వండినావిడ ఆఖర్నే కూర్చుంటుంది. అందుకే చెయ్యి అడ్డం పెడతాను. ఆకలి లేకా, రుచి లేకా?"

"మరి ఇవాళ?"

"ఇవాళ వండింది ఆయన. ఆఖర్న తినేదీ ఆయనే." అత్తగారు కంచమును ఇంకొంచెము ముందుకు జరిపెను. "వెయ్యండి అల్లుడుగారూ, మొహమాటపడకండి. ఆ అడుగున ఉన్నవి కూడా వెయ్యండి."

ఇల్లాలి కళ్లు నిండెను. నిండిన కళ్లతోనే ఆమె పకపక నవ్వెను. నవ్వుచునే తన కంచమును కూడ తల్లి కంచము ప్రక్కకు జరిపెను.

"నాక్కూడానండీ. మారు."

వడ్డించువాడు మనవాడైన కడబంతిలో కూర్చున్నను ఒకటే యందురు. వడ్డించువాడు తానే యైన ఏమగునో ఎవరును చెప్పలేదు. వీరుడు గరిటె నింపెను, ఇటు వేసెను. నింపెను, అటు వేసెను. తల్లీకూతుళ్లు ఆసుపత్రి కబుర్లు, బడి కబుర్లు చెప్పుకొనుచు తినిరి. అత్తగారు మూడవమారు కూడ అడిగెను. ఆయనకు సిగ్గు వేసెను. ఇన్నేండ్లుగా రోజూ ఎవరో ఒకరు ఇట్లే నిలిచి యుండిరన్న సంగతి ఆయనకు తోచి, ఆ సిగ్గు చెవులదాక ఎక్కెను.

వారు లేచిరి. ఆయన కూర్చుండెను. న్యాయముగా, ధర్మముగా, సాక్షుల సమక్షమున, ఏ వంటకైనను ఎన్ని వంకలైనను పెట్టుకొను శాశ్వత హక్కు ఆయనకు దక్కినది. వంక పెట్టుటకు కంచములో ఏమియు లేదు.

ట్రే వెదకెను. దూరపు మూలన, నూనెలో మాడి, రేకుకు అంటుకొనిపోయి, సగము క్యారెట్టు ముక్క యొకటి కనబడెను. వ్రేలితో లాగిన రాలేదు. చెంచాతో తోసిన కదలలేదు. అప్పుడు మన స్క్రూడ్రైవర్ పాణి, కాలిన చేతిని తువ్వాలులో చుట్టుకొని, ఒంటిచేత కత్తి మొనను ముక్క అడుగునకు పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, కొంచెము కొంచెముగా సందుచేసి, దానిని ఊడదీసి, నోట వేసికొనెను. ఉప్పు తక్కువే. నిజముగానే తక్కువ. నోరు తెరచెను. చేతులు తుడుచుకొనుచు గడపలో నిలిచి ఇల్లాలు ఆయననే చూచుచుండెను.

"ఏంటి? ఏమన్నా అంటారా?"

"అబ్బే," అనెను వీరుడు.

జయము! జయము! ఎలిమెంట్ పునర్జన్మ ప్రదాతకు జయము! ధూమ మేఘ పరివృత, నాబ్ వంచిత, అత్తగారి వాగ్బాణ విద్ధుడయ్యును వెన్ను చూపని ధీరునకు జయము! ఆదివారము మధ్యాహ్నమున, సర్వజన భోజనానంతరమున, ఏకాకియై, సగము క్యారెట్టు ముక్కను విరుగకుండ ట్రేనుండి ఊడదీసిన మొనగానికి దిగ్విజయము! ఈ గాథ విన్నవారి గిన్నె అడుగున ఒక్క ముక్కైనను మిగులుగాక! చదివినవారికి ఎవరైనను పిలిచి వడ్డింతురుగాక! వ్రాసిన నాకు ఇంకను ఆకలిగానే యున్నది.

ట్రే కూడ ఆయనే తోమెను.